ఎవరో రేసులు పెడితే కార్ల అభిమానులందరం మాట పడాల్సిందేనా?

కోకాపేట_క్లచ్ (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు (ఓఆర్‌ఆర్) సర్వీసు రోడ్డు పక్కనున్న ఒక టీ కొట్టు దగ్గర మేము కలుసుకోవడం ఇక్కడ చాలామందికి తెలిసిన సంగతే. బానెట్లు ఎత్తి, ఎవరు ఏ టైర్లు వేయించారో, కొత్త సస్పెన్షన్ గతుకుల మీద ఎలా ఉందో మాట్లాడుకుని, ఎనిమిది గంటలకల్లా ఇళ్ళకు చేరిపోతాం. మొన్నటి ఆదివారం పెట్రోలింగ్ వాహనం వచ్చి అందరినీ పంపించివేసింది. కానిస్టేబుల్ గారు ఒక్కొక్క కారు నంబరు ప్లేటునూ ఫోటో తీసుకున్నారు. కంపెనీ బిగించిన సైలెన్సరుతోనే ఉన్న మా పాత డీజిల్ కారును కూడా వదల్లేదు. కారణం అడిగితే, దగ్గర్లోని గేటెడ్ కమ్యూనిటీ సంఘం వారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారనీ, రాత్రిళ్ళు రేసులు పెట్టేది ఈ గుంపేనని అందులో రాశారనీ చెప్పారు.

మాలో రాత్రి రేసులకు వెళ్ళేవారు ఎవరూ లేరు. అయినా కారు కాస్త కిందికి దించినా, చక్రాలు మార్చినా, ఆ కారు నడిపేవాడు రేపో మాపో ఎవరినో గుద్దేవాడేనన్న అభిప్రాయం జనంలో బలపడిపోయింది. దీన్ని మార్చడానికి మన వైపు నుంచి చేయగలిగింది ఏమైనా ఉందా, లేక ఇలా మాట పడుతూ ఉండడమేనా? అనుభవమున్నవారు చెప్పగలరు.

రాయదుర్గం_నివాసి

కార్ల గురించి నాకు పెద్దగా తెలియదు. మా అబ్బాయి ఈ వేదికలో సభ్యుడు కావడం వల్ల ఈ చర్చ నా కంటబడింది. మీరు చెప్పిన ఫిర్యాదు మా సంఘం రాసింది కాదు కానీ, అలాంటిదే ఒకటి మేమూ రాశాం కనుక మా మాట కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను.

శనివారం రాత్రి ఒంటిగంట దాటాక మా ఏడో అంతస్తుకు కారు కనిపించదు, చప్పుడే వినిపిస్తుంది. ముందు ఇంజిను గొంతు పైపైకి లేస్తుంది. ఆ తర్వాత యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపాకాయల సరం అంటించినట్టు పటపటమని పేలుళ్ళు, ఆ వెంటనే మా సెల్లారులో నిలిపి ఉన్న బండ్ల అలారాలు ఒకదాని వెంట ఒకటి మోగడం మొదలవుతుంది. పక్షవాతంతో మంచాన ఉన్న మా అత్తగారు ఉలిక్కిపడి లేస్తే మళ్ళీ నిద్ర పట్టేసరికి కోడికూత వేళ అవుతుంది. పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం కిందికి వెళితే కూడలిలో తారు మీద గుండ్రంగా నల్లటి చారలు, వాటి అంచున ఇంకా అంటుకునే ఉన్న రబ్బరు పేలికలు కనిపిస్తాయి. మా పిల్లలు స్కూలు బస్సు ఎక్కడానికి నిలబడేది ఆ మలుపులోనే.

మీలో ఎవరు నెమ్మదస్తులో ఎవరు కాదో నాకెలా తెలుస్తుంది? తెల్లవారి అదే దారిలో వెడల్పు టైర్ల కార్లు పది పదిహేను వరుసగా నిలిచి ఉంటే, రాత్రి మా నిద్ర చెడగొట్టింది ఇవేనని అనుకోవడంలో అంత అన్యాయం ఉందని నాకు అనిపించదు.

టార్క్_తాతయ్య

నివాసి గారి ప్రశ్న సబబైనదే. జనానికి ఈ అనుమానం ఊరికే రాలేదు. 2016 జూలైలో పంజాగుట్ట దగ్గర, తాగి నడిపిన విద్యార్థుల కారు డివైడర్ దాటి ఎదురుగా వస్తున్న కారు మీద పడి ఒక చిన్నారినీ, ఆమె కుటుంబంలోని వారినీ బలి తీసుకున్న సంగతి ఈ నగరం ఇంకా మరిచిపోలేదు. 2019 నవంబరు 4న ప్రారంభించిన బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి అదే నెల 23న ఒక కారు ఎగిరి కిందనున్న రోడ్డు మీద పడింది. అక్కడ నిలబడి ఉన్న మహిళ ప్రాణం పోయింది. ఆ వంతెన మీద అనుమతించిన వేగం గంటకు 40 కిలోమీటర్లు కాగా, కారు వెళ్ళింది వంద దాటిన వేగంతో. వంతెనను మూసివేసి, మళ్ళీ జనవరిలో గానీ తెరవలేదు. ఆ కారు కోట్లు పోసి కొన్న సూపర్ కారు కాదు, మనబోటివాళ్ళు ముచ్చటపడి కొనుక్కునే హ్యాచ్‌బ్యాక్ అన్న సంగతి మనం సౌకర్యంగా మరిచిపోతుంటాం.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో దాదాపు 71 శాతానికి మితిమీరిన వేగమే కారణమని అదే నివేదిక చెబుతోంది. ఇంట్లో ఎవరినో ఒకరిని రోడ్డు మీద పోగొట్టుకున్న కుటుంబాలు ప్రతి వీధిలోనూ ఉన్న దేశంలో, వేగాన్ని సరదాగా చెప్పుకునేవాడిని జనం ప్రేమగా చూడాలని ఆశించడం కొంచెం అత్యాశే.

రెడ్‌లైన్_రాజు

పెద్దల మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఆ లెక్కల్లో రాంగ్‌రూటులో వచ్చే ఆటోలు, వెనక లైట్లు లేకుండా ఓఆర్‌ఆర్ అంచున నిలిపేసే లారీలు, హెల్మెట్ లేకుండా ముగ్గురేసి వెళ్ళే బైకులు, నిద్రమత్తులో నడిపే ట్రావెల్స్ బస్సులు అన్నీ ఉన్నాయి. వాళ్ళ ఫోటోలు తీసి వార్తల్లో వేసేవారు లేరు. పసుపు రంగు కారు కనబడితే మాత్రం పతాక శీర్షిక. మేము మంచి టైర్లకు, మంచి బ్రేకులకు పెట్టే డబ్బుతో చాలామంది ఇంకో బండి కొనుక్కుంటారు. ఇంజిను ఆయిలు గ్రేడు నుంచి టైరు తయారైన వారం దాకా చూసుకునేవాడు, సర్వీసింగ్ కూడా సరిగా చేయించనివాడి కంటే ప్రమాదకరం ఎలా అవుతాడు?

ఇంకొక మాట. వేగం మీద మోజు ఉన్నవాడు ఎక్కడికి వెళ్ళాలి? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రపంచ స్థాయి ‘ఫార్ములా ఈ’ విద్యుత్ కార్ల పోటీ జరిగినప్పుడు ఈ నగరమే దాన్ని పండుగలా చూసింది. మరుసటి ఏడాది అది రద్దయింది, మన చేతికి మాత్రం ఒక్క శాశ్వత ట్రాకు కూడా మిగల్లేదు. శ్రీపెరుంబుదూరు దగ్గరి మద్రాసు సర్క్యూట్‌కు వెళ్ళాలంటే ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే అంతకంటే దూరం. దగ్గర్లో మైదానం లేని ఊళ్ళో పిల్లలు వీధిలోనే క్రికెట్ ఆడతారు.

టార్క్_తాతయ్య

రాజు గారూ, వీధిలో క్రికెట్ ఆడితే పగిలేది కిటికీ అద్దం. మీ టైర్లూ బ్రేకులూ మంచివేనని ఒప్పుకుందాం. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 33 మీటర్లు వెళుతుంది. ముందున్న అడ్డును కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర పోతుందనుకుంటే యాభై మీటర్లు అప్పటికే దాటిపోయారు; పొడి రోడ్డు మీద మంచి టైర్లతో ఆగడానికి ఇంకో డెబ్భై మీటర్లు కావాలి. అదే 160లో అయితే మొత్తం దూరం 190 మీటర్లు దాటుతుంది. రాత్రిపూట హెడ్‌లైటు కిందికి దించిన (లో బీము) వెలుగు అందులో సగం దూరం కూడా చూపించదు. మీరే చెప్పిన ఆ లైట్లు లేని లారీ కనబడేసరికి మీ ఖరీదైన బ్రేకులు చేయగలిగింది, ఎంత వేగంతో దాన్ని గుద్దుతారో కొంత తగ్గించడమే. రోడ్డు మీద మిగతావాళ్ళంతా తప్పులు చేస్తారని తెలిసినవాడు వేగం తగ్గించుకోవాలి గానీ, ఆ తప్పుల్నే సాక్ష్యంగా చూపించి తన వేగాన్ని సమర్థించుకోకూడదు.

158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్ మీద 2023లో గరిష్ఠ వేగాన్ని 120కి పెంచారు, అది కూడా కుడివైపు రెండు లేన్లకే. చట్టం ఇచ్చిన ఆ వేగం చాలదనేవాడికి ఇంకా ఏం కావాలో నాకైతే అర్థం కాదు.

మ్యాప్_మస్తాన్

నేను ఒక చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. నివాసి గారు చెప్పిన పటపట శబ్దం గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది ఇంజిను శక్తికి గుర్తు అనుకుంటున్నారు. మామూలు కారులో మీరు యాక్సిలరేటర్ వదలగానే ఈసీయూ, అంటే ఇంజినును నడిపించే కంప్యూటరు, ఇంధనాన్ని ఆపేస్తుంది. ఈ శబ్దం కోసం ఆ కంప్యూటరు ప్రోగ్రామును మార్చే రీమ్యాపులో ఇంధనాన్ని కావాలని వదులుతారు, స్పార్కును బాగా ఆలస్యం చేస్తారు. సిలిండరులో మండాల్సింది ఎగ్జాస్టు గొట్టంలోకి వచ్చి మండుతుంది. దానివల్ల ఒక్క హార్స్‌పవరు కూడా పెరగదు. ఆ వేడికి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు లోపలి జల్లెడ కరిగి మూసుకుపోతుంది, టర్బో ఆయుష్షు తగ్గుతుంది. కన్వర్టరు పాడవుతుందని దాన్నే పీకేసి ఖాళీ డౌన్‌పైపు వేయమంటారు, అప్పుడు పొగ పరీక్షలోనూ దొంగదారి వెతకాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ విషయాన్ని గట్టిగానే చెప్పింది. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో ఎక్కువమంది అడిగేది కారు మలుపులో ఎలా నిలబడుతుందని కాదు, రీల్‌లో ఎలా వినబడుతుందని. సైలెన్సరు బిగించి ఇంకా బోల్టులు చల్లారకముందే, ర్యాంపు కింద నిలబడి ఫోను గొట్టానికి ఆనించి పట్టుకుని రేజ్ చేయమంటారు. పక్క షాపు ఎలక్ట్రీషియను చెవులు మూసుకుని బయటికి వెళ్ళిపోతాడు. ఆ పని మానేస్తే నెలసరి రాబడిలో మంచి భాగమే పోతుంది, అది కూడా చెప్పక తప్పదు. రాత్రి తిరిగే బండ్లకు ఆ మ్యాపు నేను వేయను, కానీ నేను వద్దంటే వేసేవాళ్ళు నాలుగు వీధుల అవతలే ఉన్నారు.

బీమా_బాట

వాహన బీమా నష్టాల మదింపు నా వృత్తి. చాలామంది చదవని ఒక వాక్యం వారి పాలసీలోనే ఉంటుంది. ప్రైవేటు కారు ప్యాకేజీ పాలసీలో వాహనాన్ని ఏయే పనులకు వాడకూడదో చెప్పేచోట, వ్యవస్థీకృత రేసింగు, వేగ పరీక్షల వంటివాటిని స్పష్టంగా మినహాయించారు. పైగా ఈ రోజుల్లో సాక్ష్యం వెతకడానికి మేము ఎక్కడికీ వెళ్ళక్కరలేదు; యజమాని తన ఖాతాలో తానే పెట్టిన వీడియో ఉంటుంది, అందులో స్పీడోమీటరు ఉంటుంది, వెనక నుంచి స్నేహితుల కేకలు కూడా ఉంటాయి. చెప్పకుండా చేయించిన రీమ్యాపు మీద క్లెయిము గొడవ పడితే ఏళ్ళు పడుతుంది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద బహిరంగ స్థలంలో అనుమతి లేని రేసుకు మొదటిసారి 5,000, రెండోసారి 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది, అది పెద్ద మొత్తమేమీ కాదు. బీమా లేని కారుతో ఒకరి మరణానికి కారణమైతే ట్రిబ్యునల్ వేసే పరిహారం ముందు అది లెక్కలోకే రాదు.

మాన్యువల్_మాధవి

ఇంతవరకు అందరూ వేగం గురించీ చప్పుడు గురించీ మాట్లాడారు. జనం కోపానికి అంతకంటే లోతైన కారణం ఇంకొకటి ఉందని నా అభిప్రాయం, అది డబ్బు. 2024 మే నెలలో పుణెలోని కల్యాణీనగర్‌లో పదిహేడేళ్ళ అబ్బాయి నడిపిన పోర్షే కారు గుద్ది ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. ఆ కారుకు శాశ్వత రిజిస్ట్రేషన్ కూడా పూర్తికాలేదు. గంటల్లోనే బెయిలు ఇస్తూ, మూడు వందల పదాల వ్యాసం రాయమని జువెనైల్ జస్టిస్ బోర్డు పెట్టిన షరతు దేశమంతా మండిపోయేలా చేసింది. ఆ రోజు జనం తిట్టింది వేగాన్ని మాత్రమే కాదు. ఈ కారులో ఉన్నవాడికి ఏమీ కాదు, పోయేది రోడ్డు మీద ఉన్నవాడి ప్రాణమే అన్న నమ్మకం ఆ కోపానికి మూలం.

మన ఆదివారపు గుంపును చూసినప్పుడు కూడా టీ కొట్టు అబ్బాయికి, ఊడ్చే అమ్మకు, రాత్రి డ్యూటీ ముగించుకుని సైకిల్ మీద వెళ్ళే సెక్యూరిటీ గార్డుకు కనిపించేది అదే. నాది పద్నాలుగేళ్ళ నాటి సెడాన్, గేరు లివరు మీది తోలు కూడా అరిగిపోయింది, అయినా బంకులో పెట్రోలు పోసే అబ్బాయి రేసింగుకేనా మేడమ్ అని అడుగుతాడు. ఆ అబ్బాయికి మన మధ్య తేడాలు చెప్పి ఒప్పించడం జరిగే పని కాదు. వాళ్ళు నడిచే సర్వీసు రోడ్డును మనం సగం ఆక్రమించకుండా ఉండడం, తాగిన కప్పులు మనమే డబ్బాలో వేయడం లాంటివి చేయగలం.

ఇక మైనర్ల విషయం. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనరు నేరం చేస్తే సంరక్షకుడికి గానీ, వాహన యజమానికి గానీ మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. ఆ వాహనం రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు దొరకదు. అయినా మన కలయికలకు తండ్రి కారు తాళాలతో వచ్చే పదహారేళ్ళ అబ్బాయిలను చూసి మనమే బండి భలే ఉందిరా అని భుజం తడుతున్నాం. క్లచ్ గారూ, మీ గుంపులో ఎవరూ రేసులకు వెళ్ళరన్నారు, నమ్ముతాను. అయితే మీ వాట్సాప్ గుంపులో ఆ వీడియోలకు చప్పట్లు కొట్టేవారు ఎవరూ లేరని కూడా చెప్పగలరా?

కోకాపేట_క్లచ్

చెప్పలేను. నిన్న రాత్రే ఎవరో ఓఆర్‌ఆర్ మీద 200 దాటిన మీటరు వీడియో పంపితే, దాని కింద అగ్గి బొమ్మలు వరుసగా ఉన్నాయి.

భీమిలి_బెండ్

విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కన వెళ్ళే రోడ్డు మాకు వరమూ శాపమూ రెండూ. తెల్లవారుజామున ఆ దారిలో నడిపినవారికి ఇంకో రోడ్డు నచ్చదు, అందుకే అక్కడికే బైకు పందేలవాళ్ళూ వస్తారు, పొద్దున్నే వాకింగుకు వచ్చే పెద్దలూ, వలలు దులిపే మత్స్యకారులూ అక్కడే ఉంటారు. మేము మా గుంపులో పెట్టుకున్న నియమం ఒకటే. కదులుతున్న కారులో స్పీడోమీటరు కనిపించే వీడియో ఎవరు పెట్టినా, ఎంత పాత సభ్యుడైనా, అడగకుండా తీసేస్తాం; రెండోసారి పెడితే గుంపు నుంచి పంపిస్తాం. మొదట్లో సగం మంది అలిగి వేరే గుంపు పెట్టుకున్నారు. మిగిలినవాళ్ళం ఇప్పుడు వీడియోలు తీసేది ఆగి ఉన్న కార్లకే.

ఘాట్ రోడ్లకు వెళ్ళేవారికి ఒక మాట. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు రాకపోకలు నిషేధం. గేటు తెరవగానే ముందు మనమే వెళ్ళాలని అక్కడ వరుసలో ఇంజిన్లు రేజ్ చేస్తూ నిలబడే కార్లను నేను చూశాను. ఆ అడవిలో రోడ్డు దాటేది మనుషులు కాకపోవచ్చు, కానీ మలుపు అవతల ఏముందో తెలియనప్పుడు లెక్క ఒకటే.

రెడ్‌లైన్_రాజు

వీడియోలు తీసేయడం వరకు నాకు అభ్యంతరం లేదు. ఎవరైనా వేగంగా నడిపితే మన గుంపే పోలీసులకు చెప్పాలని కొందరు ప్రైవేటు సందేశాల్లో అంటున్నారు, దానికి మాత్రం నేను ఒప్పుకోను. స్నేహితుల మధ్య వేగుల పని మొదలైతే ఎవరూ ఎవరినీ నమ్మరు. రేసులవాళ్ళు ఇంకా చీకటి చోట్లకు వెళ్ళిపోతారు తప్ప మానరు. ట్రాకు గురించి నేను అడిగిన దానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదని కూడా గుర్తు చేస్తున్నాను.

మాన్యువల్_మాధవి

ట్రాకు కావాలన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, దానికోసం అర్జీ పెడితే మొదటి సంతకం నాది. అయితే ట్రాకు లేకపోవడం రాత్రి ఒంటిగంటకు కూడలిలో గుండ్రంగా తిప్పడానికి కారణం కాదు. అలా తిప్పేవాడికి కావలసింది చూసే జనం. ట్రాకులో హెల్మెట్ పెట్టుకుంటే ముఖం కనబడదు, ప్రవేశ రుసుము కట్టాలి, పైగా తన కంటే వేగంగా నడిపేవారు అక్కడ పదిమంది ఉంటారు. ఇక పోలీసులకు చెప్పడం అంటారా, మీ స్నేహితుడు తాగి తాళాలు తీసుకుంటే లాక్కోవడం కూడా వేగుల పనేనా? ముందు మీరు చెప్పండి, వినకపోతే గుంపు చెప్పాలి, అప్పటికీ వినకపోతే నేనైతే చెప్పేస్తాను.

రెడ్‌లైన్_రాజు

తాళాలు లాక్కుంటాను. ఫోను మాత్రం చేయను. ఇందులో మన అభిప్రాయాలు కలవవు.

నిర్వాహకుడు

ఈ వేదికకు సంబంధించినంత వరకు రెండు నిర్ణయాలు. బహిరంగ రోడ్డు మీద వేగం చూపించే మీటరు వీడియోలను, రేసులకు పిలుపులను ఇకపై ఏ విభాగంలోనైనా తొలగిస్తాం. శబ్దం కోసం మాత్రమే చేసే రీమ్యాపుల ప్రకటనలను అమ్మకాల విభాగంలో అనుమతించం. పోలీసులకు చెప్పాలా వద్దా అన్నది సభ్యుల విచక్షణకే వదులుతున్నాం. ట్రాకు అర్జీకి విడిగా ఒక చర్చ తెరిచాం, రాజు గారు ముసాయిదా రాస్తే బాగుంటుంది.

రాయదుర్గం_నివాసి

ఇక్కడ ఇంత చర్చ జరుగుతుందని నేను అనుకోలేదు. మా సంఘం కమిటీ వచ్చే శనివారం కూర్చుంటోంది. మీలో ఇద్దరు వచ్చి, మామూలు సైలెన్సరు ఉన్న కారు ఒకటి, మస్తాన్ గారు చెప్పిన మ్యాపు ఉన్న కారు ఒకటి పగటిపూట మా విజిటర్ పార్కింగులో స్టార్ట్ చేసి చూపించగలరా? తేడా చెవులతో వింటే, ఆదివారం ఉదయం మీ కలయిక మీద మావాళ్ళు రాసిన వాక్యాన్ని వెనక్కి తీసుకోమని నేను అడగగలను. రాత్రి రేసుల మీద ఫిర్యాదు మాత్రం అలాగే ఉంటుంది.

కోకాపేట_క్లచ్

తప్పకుండా వస్తాం. మొదటిది నా డీజిల్ కారే. రెండోదానికి రాజు గారిని అడుగుతున్నాను.

రెడ్‌లైన్_రాజు

తెస్తాను. మీ కమిటీ ముందు నన్ను దోషిలా నిలబెట్టనంటేనే.

రాయదుర్గం_నివాసి

అలా జరగదు, టీ కూడా ఇస్తాం. ఉదయం పదకొండుకు రండి, పదింటికి నీళ్ళ ట్యాంకరు వస్తుంది, అది వెళ్ళేదాకా గేటు దగ్గర దారి ఉండదు. మా అత్తగారిని ఆ పూట ఆడపడుచు ఇంట్లో ఉంచుతాం.